పిల్ల మునిగాక శుభం ఏమిటి

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. బావగారిని అడిగానని చెప్పు. ఫోన్ చేస్తే సరిపోయేదిగా అంటావు. ఫోన్‌లో నువ్వు మాట దాటేస్తావు. కాగితం మీదైతే దాటడానికి వీలుండదు.

ఒక శుభవార్త, ఒక చిక్కు. ముందు శుభవార్త. నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నీ కుట్టి, అట్టలేసి, వెన్ను మీద వాళ్ళ పేర్లు బంగారు రంగులో అద్దిన చేతులు కదా ఇవి. ఈసారి అద్దబోయేది నా పేరు. చిన్నప్పుడు మనం చూసిన ముప్ఫై ఏడు సినిమాల కథలూ రాసేశాను. ప్రెస్సాయన చదివి, "ఆ రోజుల్లో సినిమాలు ఇంత బాగుండేవా" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పుస్తకం తనే వేస్తానన్నాడు. రెండు ఫారాలు, అంటే ముప్ఫై రెండు పేజీలు, అప్పుడే అచ్చయ్యాయి. పచ్చి సిరా వాసన ఇంకా నా చేతులకి ఉంది. నాకు ఇల్లు కట్టినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు.

ఇక చిక్కు. మొన్న ఆదివారం టీవీలో మన లైటుహౌసు సినిమా వేశారు. ప్రెస్సాయన ఆఖర్లో వచ్చాడు, చివరి సీను ఇద్దరం కలిసి చూశాం. మనం చూసిన దాంట్లో ఏం జరుగుతుంది? తుఫానులో లైటుహౌసాయన కూతురు పడవేసుకుని వెళ్ళి ఓడవాళ్ళని ఒడ్డుకి తెస్తుంది. తండ్రికి చూపు లేదు కాబట్టి తడి చెయ్యి పట్టుకుని "నువ్వేనా" అంటాడు. "నేనే, దీపం ఆర్పకు" అంటుంది. టీవీలో ఆ పిల్ల మునిగిపోయిందక్కా. మెట్ల మీద చెప్పులు మిగిలాయి. ఆ చెప్పుల మీదే శుభం అని కార్డు వేశారు. పిల్ల మునిగాక శుభం ఏమిటి?

ప్రెస్సాయన మిషను ఆపేశాడు. మన పద్ధతి అతనికి వివరంగా చెప్పాను. ఇంటికి ఒకటే టికెట్టు. ఇంటర్వెల్ దాకా నేను, ఆ తర్వాత నువ్వు. గేటు దగ్గర మొదటి సగం నేను నీకు చెప్పేవాణ్ణి, ఇంటికెళ్ళే దారిలో రెండో సగం నువ్వు నాకు చెప్పేదానివి. సాయంత్రం ఇద్దరం కూర్చుని అమ్మకి మొత్తం చెప్పేవాళ్ళం. అతనంతా విని, "అయితే చివర చూసింది మీ అక్కగారన్నమాట. ఆవిడ చేత రాయించుకురా. అప్పుడే మూడో ఫారం" అన్నాడు. కాబట్టి ముప్ఫై ఏడు ముగింపులూ కళ్ళారా చూశానని ఒక ముక్క రాసి, కింద సంతకం పెట్టి పంపించు.

ఇట్లు,
త్వరలో రచయిత కాబోతున్న నీ తమ్ముడు

తా.క.: రిటైరైన లెక్కల టీచరని కూడా రాయి. లెక్కల టీచరంటే జనానికి నమ్మకం.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ మోకాళ్ళకి కూడా. ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. బావగారు వీధిలో అందరికీ చెప్పేశారు. కూరగాయల దుకాణం అతను కూడా నిన్ను అడిగాడు.

టీవీలో వేసినవి పట్టించుకోకు. వాళ్ళు మధ్య మధ్యలో ప్రకటనలు ఇరికించాలి కదా, అక్కడా ఇక్కడా కోసేస్తారు. ఒడ్డుకి చేరే ముక్క కోసేసి ఉంటారు. సంతకం సంగతి అంటావా, నా కళ్ళజోడు కాలు విరిగింది. అది బాగుచేయించాక చూద్దాం. ఇప్పుడైతే బావగారు బట్టలారేయమని పిలుస్తున్నారు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: పుస్తకంలో మొదటి సగాలు మాత్రమే వేస్తే ఎలా ఉంటుంది? మిగతాది చదివేవాళ్ళే ఊహించుకుంటారు. ఈ కాలం నవలలు అలాగే వస్తున్నాయట.

*

అక్కకి,

నమస్కారాలు. ముందు నీ తాజా కలం సంగతి. నిరుడు ఒక నవల నా దగ్గరికి కుట్టడానికి వచ్చింది. చివరి పేజీలో ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అంతే, పేజీ అయిపోయింది. ఆఖరి ఫారం ఎక్కడో జారిపోయిందనుకుని రెండు రోజులు షాపంతా తిరగేశాను. బల్లలు జరిపాను. నీ మరదలి చేత చెత్తబుట్ట కూడా వెతికించాను. రచయితకి ఫోన్ చేస్తే అదే ముగింపన్నాడు. కిటికీలోంచి చూడ్డం ముగింపెలా అవుతుంది? నాలుగువందల పేజీలు నడిపించి నడిరోడ్డు మీద వదిలేస్తే చదివినవాడు ఇంటికెలా వెళ్ళాలి? నా పుస్తకం అలా ఉండదు.

నువ్వు చెప్పింది అక్షరాలా నిజమనిపించి టీవీ ఆఫీసుకి ఘాటుగా రాశాను. జవాబు వచ్చింది. "మా దగ్గరున్నది పూర్తి ప్రింటు. కోతలేమీ లేవు. ఆ అమ్మాయి మొదటి నుంచీ మునుగుతూనే ఉంది. మీవంటి అభిమానుల కోరిక మీద వచ్చే ఆదివారం మళ్ళీ వేస్తున్నాం" అని. నేను కోరిందేమిటి, వాళ్ళు వేసేదేమిటి?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీడియో షాపుకెళ్ళి మన మేడమీద దయ్యం సినిమా తెచ్చుకున్నాను. మన దాంట్లో అది నిజం దయ్యం. అందరూ నిద్రపోయాక వచ్చి ముసలమ్మ కాళ్ళకి దుప్పటి కప్పి పోతుంది. వీడియోలో చూద్దును కదా, అది దయ్యమే కాదట, దుప్పటి కప్పుకున్న బాబాయట. రెండు గంటలు జనాన్ని హడలగొట్టి చివర్లో బాబాయా? గడియారాల దొంగ సినిమా ఇంకా ఘోరం. మన దాంట్లో దొంగ మొదటి నుంచీ అందరికీ టీ పోసే మనిషి. ఎంత మంచివాడు, ఎంత బాధేసింది. వీడియోలో ఆఖరి పది నిమిషాల్లో ఎవడో కొత్తవాడు గుమ్మంలోకి వచ్చి నేనే దొంగనన్నాడు. అప్పటిదాకా మొహమే చూపించనివాణ్ణి పట్టుకుంటే ఏం సంబరం?

నాకు అర్థమైపోయింది. ఇది ఒక్కరు చేసే పని కాదు. పాత సినిమాలన్నిటికీ ముగింపులు మార్చేస్తున్నారు. ముందుమాటలో టీవీవాళ్ళనీ, వీడియో షాపునీ, ఆ సినిమాలు తీసినవాళ్ళ వారసుల్నీ వరసపెట్టి కడిగేశాను. సాక్షిగా నిన్నే పెట్టాను. "అబద్ధమాడటం బొత్తిగా చేతకాని మా అక్క" అని రాశాను. సంతకం తర్వాత పంపినా సరేనన్నాడు ప్రెస్సాయన, సోమవారం అచ్చుకి వెళుతోంది. వంద కాపీలు టీవీ ఆఫీసుకే పంపిస్తాను.

ఇట్లు,
పోరాటంలో ఉన్న నీ తమ్ముడు

తా.క.: నీ కళ్ళజోడు కాలు నాకు పంపు. బైండింగు జిగురుతో అతకనిది లేదు.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఇది కొరియర్‌లో పంపిస్తున్నాను. సోమవారం ఏదీ అచ్చు వేయొద్దు. ముందుమాట అసలే వద్దు. కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

నా కళ్ళజోడుకి ఏమీ కాలేదు. నేను ఆ సినిమాలేవీ చూడలేదు. ఒక్కటి కూడా.

మొదటి వారం నువ్వు టికెట్టు ముక్క నా చేతిలో పెట్టి మలుపు దాటి వెళ్ళిపోయావు. గేటు దగ్గర మీసాలాయన ఆ ముక్క చూసి, "దీని మీద ఒకడు లోపలికెళ్ళాడు, బయటికొచ్చాడు. ఇంక దీనికి ప్రాణం లేదు" అని నా చేతిలోనే పెట్టేశాడు. అందరూ చూస్తుండగా. నాకు తల కొట్టేసినట్టయింది. పక్క సందులో మెట్లుండేవి, హాలు పక్క తలుపు అక్కడికే తెరుచుకునేది. ఆ మెట్ల మీద కూర్చున్నాను. లోపల మాటలు తెలిసేవి కావు. కానీ జనం తలుపుకి దగ్గరగా ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళ నవ్వులు, ఏడుపులు, ఈలలు వినిపించేవి. ఆట విడిచాక వాళ్ళతో కలిసి నడుచుకుంటూ వస్తే నువ్వు మలుపులో నిలబడి ఉన్నావు. "తర్వాత?" అన్నావు. ఆ మొహం చూసి గేటు సంగతి చెప్పలేకపోయాను.

అలా మొదలైంది. ఈలలు వేస్తే దొంగ దొరికాడన్నమాట. అందరూ ఒక్కసారి చప్పుడు ఆపి, ఆ తర్వాత నవ్వితే దయ్యం వచ్చి వెళ్ళిందన్నమాట. ఏడుపు దగ్గర మాత్రం కష్టమయ్యేది. మనిషి పోయినందుకా, తప్పిపోయినవాళ్ళు కలిసినందుకా అన్నది ముక్కు చీదడంలో తెలియదు. రెండూ ఒకేలా ఉంటాయి. నేను ప్రతిసారీ కలిశారనే అనుకున్నాను. నీకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పిల్ల మునిగిందని చెప్పి నిన్ను ఇంటిదాకా నడిపించుకెళ్ళడం నావల్ల అయ్యేది కాదు.

పెద్దయ్యాక ఆ సినిమాలు ఎక్కడ వేసినా తప్పించుకు తిరిగాను. నువ్వు పుస్తకం రాస్తావని నాకేం తెలుసు? తప్పు నాదే. క్షమించు.

ఇట్లు,
సంతకానికి పనికిరాని అక్క

తా.క.: కామెడీ సినిమాలకి పెద్దగా కష్టపడలేదు. పెళ్ళి చేసేదాన్ని.

*

రిటైరైన లెక్కల టీచరు గారికి,

ఈసారి నమస్కారాలు లేవు.

ఉత్తరం ప్రెస్సాయనకి చూపించక తప్పలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత నా మొహం చూసి, మిషను మీద గుడ్డ కప్పి, టీ తెప్పించాడు. ఆ గుడ్డ కప్పడం నేను చూడలేకపోయాను.

స్టేషను సినిమా గుర్తుందా? గొడవపడి విడిపోయిన స్నేహితుడు చివరి రైలుకి వస్తాడని చెప్పావు. ప్రెస్సాయనకీ నాకూ రెండేళ్ళు మాటల్లేవు చూడు, ఆ రెండేళ్ళూ నేను రోజూ అతని గుమ్మం ముందు నుంచే నడిచాను, సైకిలు దిగి మరీ. నువ్వు చెప్పిన సినిమా తలకెక్కి అలా చేశాను. ఒకరోజు "లోపలికి రారాదూ" అన్నాడు. నిన్న ఆ వీడియో కూడా తెచ్చి చూశాను. ఆ స్నేహితుడు రాడు. రైలు వెళ్ళిపోతుంది, బల్ల మీద వీడు ఒక్కడే. నేను ఆ సినిమా సరిగ్గా చూసి ఉంటే సైకిలు దిగేవాణ్ణే కాదు. నీకు థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియడం లేదు. ప్రస్తుతానికి తిడుతున్నాను.

నేను కళ్ళారా చూసింది చూసినట్టు నీకు చెప్పాను. అందులో ఒక్క అక్షరం తేడా లేదు. నా సగం నిజం, నీ సగం కల్పితం. వాటిని కలిపి కుడితే దాన్ని ఏ పుస్తకమంటారు? నలభై ఏళ్ళ పనిలో ఒక పుస్తకం సగానికి ఇంకో పుస్తకం సగం ఎప్పుడూ కుట్టలేదు. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న ఒకే ఒక్క కోరిక నువ్వు మెట్ల మీద కూర్చుని తుడిచిపెట్టేశావు.

ఇట్లు,
నిజాయితీపరుడు

తా.క.: బావగారికి ఈ సంగతి తెలుసా? ఆయన నిన్ను సినిమాలకి ఎలా తీసుకెళ్ళారు?

*

కళ్ళారా చూసినవాడికి,

ఆశీస్సులు మాత్రం ఉన్నాయి, వాటిని ఆపడం నా చేతిలో లేదు.

నీ పుణ్యాన టీవీవాళ్ళు ఆదివారం లైటుహౌసు సినిమా మళ్ళీ వేశారు. ఈసారి మొదటి నుంచీ చూశాను. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దినదాన్ని, అలవాటు పోదు.

ఇంటర్వెల్ దాకా రాసుకున్నది ఇది. తండ్రికి చూపు నిక్షేపంగా ఉంది. ఎంత నిక్షేపంగా అంటే, మొదటి సీనులోనే పేపరు చదువుతున్నాడు. నువ్వు చెప్పిన కుంటి కుక్క లేదు. ఆ కుక్క గురించి నేను వారం రోజులు బెంగపెట్టుకున్నాను. పిల్ల దీపం వెలిగించదు, పోస్టాఫీసులో పనిచేస్తుంది. లైటుహౌసు రెండుసార్లు కనిపించింది, అందులో ఒకటి గోడ మీద క్యాలెండరు. ఇక ఓడ కెప్టెను చిన్నప్పుడు తప్పిపోయిన అన్నయ్య అన్నావే, ఈ సినిమాలో ఓడే లేదు. మునిగింది చిన్న పడవ.

నీ సగానికి సున్నా వేశాను. సంజాయిషీ ఏమిటి?

ఇట్లు,
అబద్ధమాడటం బొత్తిగా చేతకాని మీ అక్క

తా.క.: బావగారికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో సినిమాకి తీసుకెళితే ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే లేచి, పక్క తలుపు ఎటుందని అడిగాను. వాంతి వస్తోందేమోనని ఆయన కంగారుపడ్డారు.

*

అక్కకి,

తమ్ముడు రెండు చేతులూ జోడించి రాస్తున్నాడు.

నాకు నిద్ర పట్టేసేది. ఆ హాల్లో ఫ్యాన్లు, ఆ చీకటి, ఆ మెత్తటి వెనక్కి వాలే కుర్చీ. మన ఇంట్లో అలాంటి కుర్చీ ఎక్కడుంది? దీపాలు ఆరిపోవడమే గుర్తు, ఆ తర్వాత బెల్లుకే మెలకువ. ఇంట్లో ఉన్నదే ఒక్క టికెట్టు, దాని మీద పడుకుని వచ్చానని నీతో ఎలా చెప్పను? కుర్చీ నుంచి గేటు దాకా ఎన్ని అడుగులుండేవి, ఓ అరవై. ఆ అరవై అడుగుల్లో, గోడల మీద పోస్టర్లు చూసుకుంటూ, మొదటి సగం తయారు చేసేవాణ్ణి. పోస్టరులో లైటుహౌసు ఉంది కాబట్టి లైటుహౌసు కథ. తండ్రి కళ్ళు మూసుకుని ఉన్నాడు కాబట్టి గుడ్డివాడు.

ఒకటి రెండుసార్లు పట్టుబట్టి మేలుకున్నాను. చూసింది చూసినట్టు చెబితే నువ్వు "ఊఁ" అన్నావంతే. నిద్రపోయి వచ్చి చెబితే మాత్రం రెండు చేతులూ బుగ్గలకి పెట్టుకుని వినేదానివి. నాకు అదే కావాల్సింది. ఇంక మేలుకోవడం మానేశాను.

పుస్తకం రాసేటప్పుడు భయం వేయలేదా అంటావు. సినిమా మొదలు ఎవరికీ గుర్తుండదు, చివరే అందరూ పట్టుకుంటారు, చివరలు అక్కవి కాబట్టి ఢోకా లేదనుకున్నాను. అందుకే నీ మీద అంత ఎగిరాను. నా సగం నాకు తెలుసు. నీ సగమైనా నిజమనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపాను.

ప్రెస్సాయనకి చెప్పేశాను. అచ్చయిన రెండు ఫారాలూ ఇంటికి తెచ్చుకున్నాను. వేరే పుస్తకాల వెన్నులకి లోపల బలం కోసం పాత కాగితం అంటిస్తాం కదా, దానికి పనికొస్తాయి. ఇంకో వందమంది పుస్తకాల్లో, అట్టకీ వెన్నుకీ మధ్య, ఎవరికీ కనబడకుండా నా కథలుంటాయి. అదీ ఒకరకంగా అచ్చే. కత్తెర పట్టుకున్నాను కానీ ఈ రోజుకి చెయ్యి రాలేదు. రేపు చేస్తాను. చాలా బాధగా ఉందక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కుంటి కుక్క మాత్రం నిజంగా ఉండేది. హాలు బయట పడుకునేది. నా కథల్లో నేను కళ్ళారా చూసింది అదొక్కటే.

*

తమ్ముడికి,

కత్తెర కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు చదువు.

నేను నీకు ఇంకో సంగతి దాచాను. నీ మొదటి సగం సంగతి నాకు మొన్న ఆదివారం తెలిసింది కాదు. మా పెద్దవాడు కడుపులో ఉన్నప్పటి నుంచీ తెలుసు. నీ నోటితో చెప్పించాలని చూశాను, అంతే.

అప్పుడు అమ్మ వచ్చి మా ఇంట్లో మూడు నెలలు ఉంది కదా. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని పుట్టబోయేవాడికి చొక్కా కుడుతోంది. రేడియోలో సినిమా సంభాషణలు వేస్తారు చూడు, ఆ రోజు లైటుహౌసు సినిమా. నా ముగింపుల గుట్టు బయటపడుతుందని భయపడ్డాను. లేచి ఆపేద్దామని వెళ్ళి, అమ్మ మొహం చూసి ఆగిపోయాను. అమ్మ పెదవులు కదులుతున్నాయి. రేడియోలో మనిషి మాట్లాడకముందే ఆ మాట అమ్మ పెదవుల మీద ఉంది. ఒక్కటి తప్పడం లేదు.

"ఈ సినిమా ఎప్పుడు చూశావమ్మా" అన్నాను.

"చూడ్డానికి నాకెక్కడ కుదిరిందే. మా కుట్టు దుకాణం వెనక గోడా, హాల్లో తెర గోడా ఒకటే. మాటలొచ్చే పెట్టెలన్నీ మా వైపే ఉండేవి. మిషను తొక్కుతూ ప్రతి సినిమా వినేదాన్ని" అంది.

ఆ దుకాణానికి మనం ఎన్నిసార్లు వెళ్ళాం? ఆ గోడకి వీపు ఆనించి ఎన్నిసార్లు కూర్చున్నాం? ఒక్కసారి కూడా తట్టలేదు. మనం ఎదురుగా కూర్చుని, నువ్వు సగం, నేను సగం, చేతులూపుతూ చెబుతుంటే, ఆవిడ దారం పళ్ళతో కొరుకుతూ "ఊఁ, తర్వాత?" అనేది.

"మొదటిసారి చెప్పినప్పుడే తెలిసింది. వాడి సగమూ కాదు, నీ సగమూ కాదు. చెవి మెలేద్దామనుకున్నా. అడిగితే ఇద్దరూ సిగ్గుపడి చెప్పడం మానేస్తారని ఊరుకున్నా" అంది. ఆ తర్వాత చొక్కా ఒళ్ళో పెట్టుకుని అంది కదా, "ఆ పిల్ల వారం రోజులూ మునిగిందే. నా పనివేళలో రోజుకి రెండు ఆటలు, ఆరు రోజులు. పన్నెండుసార్లు మునిగింది. ఆ తండ్రి పిలిచే పిలుపు వినలేక మిషను గట్టిగా తొక్కేదాన్ని. ఆదివారం మీరిద్దరూ వెళ్ళొచ్చి ఆ పిల్లని ఒడ్డుకి చేర్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది."

నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. వాడికి తెలిస్తే బిగుసుకుపోతాడు, ఇంక కథ చెప్పడు అంది. ఆవిడ పోయాక కూడా ఆ ఒట్టు ఇన్నేళ్ళు నిలబెట్టాను. ఇప్పుడు ఇంకో దారి లేక తీసి గట్టు మీద పెడుతున్నాను. మన పుస్తకం అమ్మ ఎప్పుడో చదివేసింది తమ్ముడూ. ముప్ఫై ఏడు కథలూ, అసలువి అన్నీ తెలిసి, మనవే కావాలనుకుంది. ఇంతకంటే ఏ పాఠకురాలు కావాలి నీకు? ఇది రాస్తుంటే కాగితం తడుస్తోంది, అక్కడక్కడా సిరా అలికితే సర్దుకో.

సినిమా కథలు అన్నది కొట్టేసి కథలు అని వెయ్యండి. వెన్ను మీద నీ పేరే అద్దు. నాకు పేరు అక్కర్లేదు, ఆ అద్దే చెయ్యి నీది. ప్రెస్సాయన సంతకం కావాలన్నాడు కదా, ఇది చింపి ఇవ్వు:

"ఈ పుస్తకంలో ఉన్న ముప్ఫై ఏడు కథల్లో ఏ ఒక్కటీ, మొదలు నుంచి చివరి దాకా, ఏ సినిమాలోనూ లేదని నాకు తెలిసినంతవరకూ ధ్రువీకరిస్తున్నాను. ఇట్లు, రిటైరైన లెక్కల టీచరు."

ఇట్లు,
నీ అక్క

తా.క.: ముప్ఫై ఏడింట్లో ఒక్కదాంట్లో మాత్రం మనకంటే సినిమావాళ్ళే బాగా ముగించారంది అమ్మ. అది ఏదో నీకు చెప్పను. చెబితే కూర్చుని దిద్దుతావు.